వాగు రాయికి సాక్షి

మే నెల మొదట్లో మా ఆఫీసు వెనక గడ్డి కోసే రోజున తలుపు తీసుకుని బయటకు వస్తే గుప్పున ఉల్లికాడల వాసన కొడుతుంది. వర్జీనియా పచ్చికలో ఎవరూ నాటకుండానే అడవి ఉల్లి మొలుస్తుంది. సన్నగా, నీలం కలిసిన ఆకుపచ్చగా, చుట్టూ ఉన్న గడ్డి కన్నా బెత్తెడు ఎత్తున తల ఎత్తుకుని నిలబడుతుంది, కోత యంత్రం కింద నలిగితే తప్ప తానెవరో బయటపెట్టదు. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన మనవాళ్ళ పిల్లలు "మళ్ళీ ఎవడో మైక్రోవేవ్‌లో ఆమ్లెట్ పెట్టాడ్రా బాబూ" అనుకుంటూ ముక్కులు మూసుకుని కార్ల వైపు పోతారు. నేను అక్కడే నిలబడిపోతాను. ఆ వాసన వెంట నాకు తడి మట్టి, ఆవుల ఒంటి వేడి, అల్లం వేసిన కేకు, మా అమ్మమ్మ గారెల మూకుడు ఒకదాని వెనక ఒకటి నడిచి వస్తాయి. ఈ మాట ఒకసారి చెబితే నవ్వారు. ఎవరు నవ్వారో గుర్తుంది.

హెర్న్‌డన్ చుట్టుపక్కల ఎప్పుడూ అద్దాల మేడలే ఉన్నాయనుకునే వాళ్ళ కోసం చెబుతున్నాను. డెబ్బైల చివర మేం వచ్చేనాటికి ఇదంతా పల్లె. విమానాశ్రయం అప్పటికే ఉంది గానీ విమానాలు అరుదు, ఎప్పుడన్నా ఒకటి తాటిచెట్టంత ఎత్తున పోతున్నట్టు పొలాల మీదుగా పోతే ఆవులు తలెత్తి చూసి మళ్ళీ మేతలో పడేవి. మొక్కజొన్న చేలు, పాల కొట్టాలు, తుప్పు పట్టిన రేకుల కప్పులు, వేసవి సాయంత్రాలు గడ్డి నుంచి పైకి లేచే మిణుగురులు, వాటన్నిటి నడుమ ఎర్ర ఇటుకల చర్చి ఒకటి, ఆ చర్చికి ఒక పారిష్, అంటే దాని కిందికి వచ్చే ఇళ్ళూ పొలాలూ. చర్చి పేరు రాయను. ఆ సంఘం వాళ్ళు ఒకరిద్దరు ఇంకా ఉన్నారు, తెలిస్తే నొచ్చుకుంటారు. మమ్మల్ని నొప్పించేటప్పుడు వాళ్ళు ఇంత ఆలోచించలేదు, అయినా రాయను.

అమ్మ నర్సు. బందరు దగ్గర మిషన్ ఆసుపత్రిలో పనిచేస్తుండగా ఇక్కడి ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. నాన్న విమానాశ్రయంలో సరుకులు దించే చోట చేరాడు. అమ్మమ్మ కరుణమ్మ మాతోనే వచ్చింది, ఆవిడకు అమ్మ ఒక్కతే కూతురు. నాకప్పటికి ఏడేళ్ళు. మాది గుడికి వెళ్ళే ఇల్లు. మా వైపు క్రైస్తవులు చర్చిని గుడి అనే అంటారు. బందరు వైపు మా పల్లెలో గుడిని ఎప్పుడో ఇంగ్లండు నుంచి వచ్చిన దొరలు కట్టించారు. వాళ్ళ ఊళ్ళలో ప్రార్థన ఏ వరసన చేసుకుంటారో ఆ వరసే మా వాళ్ళకు తెలుగులో నేర్పి పోయారు. అదే ఇంగ్లండు నుంచి అంతకు చాలా ముందు ఇంకో ఓడ ఎక్కి వర్జీనియాకు వచ్చిన రైతులు ఈ ఇటుకల చర్చి కట్టుకున్నారు. కనుక మొదటి ఆదివారం అమ్మమ్మకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాకపోయినా అక్కడ తెలియనిది ఏదీ లేకపోయింది. ఎప్పుడు మోకరించాలో, ఎప్పుడు లేవాలో, ఎక్కడ ఆమెన్ అనాలో అందరికన్నా ముందు ఆవిడకే తెలుసు. వాళ్ళు ఇంగ్లీషులో గొణుగుతుంటే ఆవిడ తెలుగులో గొంతెత్తి చెప్పేది, రెండూ ఒకేచోట వచ్చి ఆగేవి.

"మన గుడేనే ఇది," అంది నా చెవిలో. "ఇటికెలు మారినయ్, అంతే."

మైనం రుద్దిన చెక్క వాసన, పాత పుస్తకాల అట్టల వాసన, చలికాలం స్టవ్‌లోని కిరసనాయిలు వాసన ఆ చర్చి నిండా ఉండేవి. వరసలకు చిన్న చిన్న తలుపులుండేవి, మేకల దొడ్డికి ఉన్నట్టు. అమెరికా అంతర్యుద్ధ కాలంలో సైనికులు చర్చిలో గుర్రాలను కట్టేశారట, చెక్కల అంచుల మీద వాటి పళ్ళ గాట్లు ఇంకా ఉండేవి. ప్రసంగం సాగుతున్నంతసేపూ నేను ఆ గాట్లలో వేలు పెట్టి తిప్పుతూ గుర్రం నోట్లోకి చెయ్యి పోనిచ్చినట్టు ఊహించుకునేదాన్ని. ఆ మొదటి ఆదివారం మేం కూర్చున్న వరస పక్కన ఒకావిడ వచ్చి నిలబడింది. ఏమీ అనలేదు, చిరునవ్వుతో నిలబడే ఉంది. కాసేపటికి అమ్మకు అర్థమై లేచింది, మేమంతా లేచి వెనక్కి పోయాం. అది వాళ్ళ కుటుంబం తరతరాలుగా కూర్చునే వరసట. ఆవిడ మిసెస్ హార్లో. ఆవిడ నవ్వు బాగుండేది, ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది. మా ఇంట్లో సువార్త అని పెట్టుకున్న నా పేరు ఆ పూటే ఆవిడ నోట సూ అయింది, తర్వాత అందరికీ అదే అయింది.

ఒక్కటి ఒప్పుకోవాలి, పారిష్ చరిత్ర ఆవిడలా చెప్పగలిగినవాళ్ళు లేరు. ఆదివారం బడిలో పిల్లలందరినీ కింద కూర్చోబెట్టి, రేకు డబ్బాలోంచి అల్లం బిస్కెట్లు తలా ఒకటి ఇచ్చి, కళ్ళు సగం మూసుకుని మొదలుపెట్టేది. ఇంగ్లండులో ఒక చిన్న పారిష్ ఉండేదట, పొగమంచు, ఆపిల్ తోటలు, చర్చి గోపురం మీద కాకులు. అక్కడి మనుషులు ఓడెక్కి వస్తూ విత్తనాలు, గంట, ఆ పారిష్ పేరు వెంట తెచ్చుకున్నారట. ఇక్కడ అడవి కొట్టి, మొదట చర్చి కట్టి, తర్వాత ఇళ్ళు కట్టుకున్నారట. ఆవిడ చెబుతుంటే ఆ పొగమంచు గది లోపలికి వచ్చినట్టుండేది. నాకు మాత్రం ఆ గోపురం మీద బందరు కాకులే కనిపించేవి, ఆ ఓడ దిగిన మనుషుల్లో మా గుడి కట్టించిన దొరలు కూడా ఉన్నారేమో అని వెతుక్కునేదాన్ని. ఒకసారి అడిగాను. "వాళ్ళు వేరు, డియర్," అంది. ఆవిడ మనవరాలు బెత్ నా పక్కనే కూర్చుని బిస్కెట్ అంచులు ఎలుకలా కొరుకుతోంది. బెత్, నేను ఒకే తరగతి.

ఆ ఓడ వాళ్ళు తెచ్చిన ఆచారాల్లో ఒకటి హద్దుల నడక. విత్తనాలు వేసే రోజుల్లో ఒక ఆదివారం ఆరాధన అయ్యాక సంఘమంతా సిలువ ముందు పెట్టుకుని, పాటలు పాడుకుంటూ పారిష్ చుట్టూ నడిచేది. రోడ్లు లేని కాలంలో, కాగితాల మీద గీతలు ఎవరూ నమ్మని కాలంలో, హద్దులను మనుషులే గుర్తుపెట్టుకోవాలి కదా. అందుకని ఒక్కో హద్దు రాయి దగ్గర ఒక చిన్నపిల్లనో పిల్లాడినో కాళ్ళూ చేతులూ పట్టుకుని ఎత్తి, రాయి మీద మూడుసార్లు కుదేసేవారు. నొప్పి పుడితే ఆ చోటు చచ్చేదాకా మరిచిపోరని. తర్వాత చేతిలో అల్లం కేకు పెట్టేవారు. ఆ రోజు నుంచి ఆ రాయికి ఆ బిడ్డే సాక్షి. ఏటేటా నడక అక్కడికి వచ్చినప్పుడు రెక్టర్ గారు, అంటే ఆ చర్చి పాస్టరు గారు, "ఈ రాయికి సాక్షి ఎవరు?" అని అడుగుతారు, అప్పుడు గుంపులోంచి ఎవరో ఒకరు "నేను" అంటారు. అన్నవాళ్ళు కర్ర పట్టుకున్న ముసలివాళ్ళయినా సరే, ఆ ఒక్క మాట చిన్నపిల్లల గొంతుతో వచ్చేది. సాక్షి చనిపోతేనే ఇంకో బిడ్డకు ఆ రాయి దక్కుతుంది. నాకు ఆ నడక తప్ప మరే కోరికా లేకపోయింది. ఒక రాయి కావాలి, నన్ను ఎత్తి కుదేయాలి, అందరి ముందూ నేను అని అనాలి.

నేను ఆ నడకలో మొదటి ఏళ్ళు నడవలేదు. అమ్మమ్మ మోకాళ్ళు సహకరించేవి కావు, ఆవిడకు తోడుగా నన్ను ఉంచేవారు. మేమిద్దరం కారులో నేరుగా వెల్డన్ గారి కొట్టం దగ్గరికి వెళ్ళేవాళ్ళం, నడిచి వచ్చినవాళ్ళకు అక్కడే భోజనాలు. పెద్ద పెద్ద పలకలు పరిచి తెల్లటి దుప్పట్లు కప్పేవారు. పంది మాంసం పెట్టిన బన్నులు, ఆవపిండి కలిపిన గుడ్లు, పుల్లటి దోసకాయ ముక్కలు, ఎర్రటి రూబార్బ్ కాడలతో చేసిన తీపి రొట్టెలు, వాటి మధ్య అమ్మమ్మ గారెలు. తెల్లవారకముందే లేచి రుబ్బుకుని, అల్లం, మిరియం వేసి, చిల్లు పెట్టి కాల్చిన మినప గారెలు. వాటిని ఆ దొరసానులు డోనట్లు అనుకుని పైన మేపుల్ సిరప్ పోసుకుని తినేవారు, బాగున్నాయని చెప్పేవారు కూడా. అమ్మమ్మ మొదటి ఏడు వాళ్ళ వంక జాలిగా చూసింది, రెండో ఏడు పచ్చడి పట్టుకొచ్చింది, మూడో ఏడు ఊరుకుంది. నేను ఊరుకోలేదు, కానీ నా మాట ఎవరు వింటారు.

కొట్టం ముందు గడ్డి వాలుగా దిగి వాగు దాకా పోయేది. వాగు ఒడ్డున విల్లో చెట్ల కొమ్మలు నీళ్ళలోకి జుట్టు విరబోసినట్టు వేలాడేవి. భోజనాలకు ముందు చివరి రాయి వాగు రాయి, అది ఆ చెట్ల వెనక ఎక్కడో ఉందని తెలుసు. పాట దగ్గరికి వచ్చి ఆగిపోయేది, కాసేపు నిశ్శబ్దం, తర్వాత కొమ్మల అవతల నుంచి వెల్డన్ గారి గొంతు, "నేను!" అని. ఆవులు కూడా అటు తిరిగి చూసేవి.

వెల్డన్ గారు ఒంటరి ముసలాయన. భార్య పోయింది, పిల్లలు లేరు, ఉన్నవి ఆవులు. మాకు కాచని పాలు ఆయన దగ్గరే. డబ్బాల పాలు తోడుకుంటే పెరుగు జిగురుగా వస్తోందని అమ్మమ్మ గోల పెడితే అమ్మ ఆయన్ను వెతికి పట్టుకుంది. సాయంత్రాలు నేనూ అమ్మమ్మా సత్తు క్యాన్ పట్టుకుని వెళ్ళేవాళ్ళం. ఆవిడ తెలుగులో ఆవుల యోగక్షేమాలు అడిగేది, ఆయన ఇంగ్లీషులో వానల సంగతి చెప్పేవాడు, ఒకరి మాట ఒకరు సాంతం విని తలలూపుకునేవాళ్ళు. నేను అనువాదం చేయబోతే ఇద్దరూ చెయ్యి అడ్డం పెట్టేవారు.

ఆకులు రాలుతున్న ఒక సాయంత్రం ఆయన ఆవుల్ని మళ్ళించడానికి వాగు వైపు వెళ్తే మేమూ వెనక వెళ్ళాం. గడ్డిలో నా నడుం ఎత్తున బూడిద రంగు రాయి ఒకటి ఉంది, పైభాగం గిన్నెలా పల్లమై, చేత్తో తడిమితే పట్టులా నున్నగా. ఆవులెప్పుడూ ఆ చుట్టుపక్కలే తచ్చాడేవి. ఆయన దానికి ఆనుకుని ఊపిరి పీల్చుకున్నాడు. అప్పటికే ఆయాసం ఉండేది. నేను ధైర్యం చేసి అడిగాను, నాకు ఎప్పటికైనా రాయి ఇస్తారా అని. 

"ఇవ్వరేమో సూ," అన్నాడు. తర్వాత ఆ రాయి మీద అరచేత్తో రెండుసార్లు తట్టి, "నా తర్వాత ఈ రాయి నీది. ఎవరడిగినా వెల్డన్ చెప్పాడని చెప్పు," అన్నాడు.

"ఏవంటున్నాడే?" అంది అమ్మమ్మ.

"రాయి నాకిస్తాడంట అమ్మమ్మా!"

"రాయా? పాలు పోసే మనిషి రాయెందుకిస్తాడే?"

"హద్దు రాయి! సాక్షి రాయి!"

అమ్మమ్మ ముఖం మారిపోయింది.  ఇంటికి రాగానే గుమ్మంలో చెప్పులు విడుస్తూ అమ్మతో అంది, "మనకి సెంటు భూవి లేదు కదే జ్ఞానం, హద్దు రాయెక్కడిది. మా తాత రోజుల్లో హద్దు రాయంటే మనం దాటకూడని రాయి. దాని అవతల ఊరు, ఇవతల మన పల్లె. ఇప్పుడు మన పిల్లని దానిమీద కూర్చోబెడతారంట, చూశావా." ఆ రాత్రి ప్రార్థనలో రాయి కోసం కూడా స్తోత్రం చెప్పింది.

ఆ చలికాలంలోనే వెల్డన్ గారు చనిపోయారు. మంచు కరిగి, చిత్తడి ఆరి, అడవి ఉల్లి తల ఎత్తేవరకు నేను రోజులు నెట్టాను. దుఃఖం లేదని కాదు. దుఃఖం పక్కనే రాయి కూడా ఉండేది, రెండూ ఒకే మంచం మీద పడుకున్నట్టు. అమ్మ డ్యూటీ మార్చుకుంది. నాన్న నాకు గట్టి ఖాకీ బట్టతో లాగు కుట్టించాడు, కుదేస్తే చిరగకుండా. హద్దుల నడక రోజున ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీద అందరూ గుమిగూడారు. వాగు రాయికి కొత్త సాక్షి బెత్ హార్లో అని రెక్టర్ గారు చదివారు. బెత్ తెల్ల మేజోళ్ళు వేసుకుని వచ్చింది, అప్పటిదాకా దానికీ తెలియదు, కంగారుగా నా వంక చూసింది.

అమ్మ మెట్లెక్కి మెల్లగా చెప్పింది, వెల్డన్ గారు మా అమ్మాయికి మాటిచ్చారని. మిసెస్ హార్లో అమ్మ చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. "డియర్, రాయిని జీవితమంతా గుర్తుంచుకోవాలి. ఇక్కడే ఉండే పిల్లకు ఇవ్వాలి కదా. మీవాళ్ళు ఎప్పటికైనా ఇంటికి వెళ్ళిపోతారు." ఎంత ప్రేమగా అందో చెప్పలేను. రెక్టర్ గారు మంచివారు, అమ్మమ్మ కోసం "వందనాలు" అనడం నేర్చుకున్నారు. ఆ నిమిషాన మాత్రం వంగి తన బూట్ల లేసులు చూసుకున్నారు. లేసులు బాగానే ఉన్నాయి.

"ఏవందే ఆ దొరసాని?" అంది అమ్మమ్మ.

"ఏం లేదమ్మా, పద," అంది అమ్మ.

నేను దాచలేదు. ప్రతి ముక్కా తెలుగులో గట్టిగా చెప్పాను, మెట్ల మీది వాళ్ళకు అర్థం కాకపోయినా వినపడాలని.

"అదెవత్తే ఇవ్వటానికి?" అంది అమ్మమ్మ. "ఇచ్చినాయన ఇచ్చేసి పోయాడుగా." సిలువ ముందుకు కదిలింది, పాట మొదలైంది, గుంపు నడిచిపోయింది. మేం నడవలేదు. గారెల డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఇంటికి వచ్చేశాం.

ఎండ వాలాక, పారిష్ వాళ్ళు భోజనాలు చేసి వెళ్ళిపోయారని తెలిశాక, అమ్మమ్మ తెల్ల చీర మీద స్వెట్టర్ వేసుకుని కారెక్కి కూర్చుంది. "నడవండి," అంది. నాన్న ఏదో అనబోతే, "నువ్వు చేతులు పట్టుకో అల్లుడూ, మిగతాది మేం చూసుకుంటాం," అంది. కొట్టం దగ్గర ఎవరూ లేరు. గడ్డి మీద బండ్ల జాడలు, నలిగిన ఉల్లికాడలు, గాలి నిండా ఆ వాసన. రాయి దాకా నేనే దారి తీశాను. నాన్న చంకల కింద చేతులు వేసి ఎత్తాడు, అమ్మ ఒక కాలు, అమ్మమ్మ ఒక కాలు. నేను ఆకాశంలోకి లేచాను. విల్లో కొమ్మలు, ఒక విమానం తోక, అమ్మ ఆసుపత్రి బూట్ల తెలుపు, అన్నీ గిర్రున తిరిగాయి, రాయి వచ్చి తగిలింది. మళ్ళీ లేచాను.

"గట్టిగా అల్లుడూ! పిల్లకి గుర్తుండొద్దూ?"

"అత్తయ్యా, నడుం విరుగుద్ది!"

"విరగదు, మా వంశం నడుం."

మూడోసారి కుదేశాక అమ్మమ్మ రాయి మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకుంది. "ప్రభువా, ఇది మా పిల్ల. ఈ రాయిని చూసింది, ఈ రాయి దీన్ని చూసింది. రేపెవరన్నా కాదంటే నువ్వే మాట్లాడుకో," అంది. కేకు లేదు గనుక చేతిలో గారె పెట్టింది. చల్లారి గట్టిపడ్డ ఆ గారె రుచి మళ్ళీ నాకెక్కడా దొరకలేదు. వాగు మీద ఎండ బంగారు రేకులా పరుచుకుని ఉంది. 

మరుసటి ఏడు నేను నడకలో నడిచాను. రెక్టర్ గారు అడిగినప్పుడు బెత్ కన్నా ముందు నేను అనాలని నిశ్చయించుకున్నాను. కొట్టం దాటాం, వాలు దిగాం, నా రాయి కనిపించింది. పాట ఆగలేదు. సిలువ నా రాయి పక్క నుంచి సాగిపోయింది, పలకల వంతెన మీద వాగు దాటింది, విల్లోల వెనక మోకాలెత్తు కూడా లేని నల్ల రాయి ముందు ఆగింది. దాని మీద నాచు కింద ఒక అక్షరం చెక్కి ఉంది. "ఈ రాయికి సాక్షి ఎవరు?" "నేను," అంది బెత్. 

తిరిగి వస్తూ, పొలం చూసుకుంటున్న వెల్డన్ గారి మేనల్లుణ్ణి అడిగాను, ఆ బూడిద రంగు రాయి ఏమిటని. "అదా? ఉప్పు రాయి. ఆవులకు ఉప్పు దానిమీదే పెట్టేవాడు మా మావయ్య. నాకి నాకి పైన అలా గుంట పడింది," అన్నాడు.

ఇంట్లో చెబితే నాన్న నవ్వి నవ్వి దగ్గాడు. "ఆవులు నాకే రాయి మీద కుదేశావా అత్తయ్యా!" అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను ఏడుస్తున్నాను. అమ్మమ్మ మాత్రం నవ్వలేదు. నన్ను దగ్గరకు లాక్కుని అడిగింది, "ఆయన ఏవన్నాడు? హద్దు రాయి ఇస్తానన్నాడా, ఈ రాయి ఇస్తానన్నాడా? సరిగ్గా చెప్పు."

"ఈ రాయి అన్నాడు. చేత్తో కొట్టి చెప్పాడు."

"మరి ఇచ్చాడుగా. అది సంఘం రాయి, ఆయనిస్తానంటే ఇచ్చేది కాదు. ఇది ఆయన రాయి. ఎవరి వస్తువు వాళ్ళే కదే ఇచ్చేది." నా కళ్ళు తుడిచి, "ఉప్పు మంచిదే," అంది.

ఆయనకు ముందే తెలుసా, వాళ్ళు నాకు రాయి ఇవ్వరని? ఇవ్వరేమో అన్న మాట నేను అప్పుడు వినిపించుకోలేదు, తర్వాత ఎన్ని రాత్రులు విన్నానో. వాగు రాయి మీద బెత్ కూర్చోవడంలో ఎవరూ నాకు ద్రోహం చేయలేదు గనుక ఇక మిసెస్ హార్లోను వదిలెయ్యమని నాన్న అనేవాడు. వదల్లేదు. రాయి ఇవ్వకపోవడం వేరు, మీరు వెళ్ళిపోతారనడం వేరు. అమ్మమ్మ మంచం పట్టిన చలికాలం ఆవిడ మంచులో కారు నడుపుకుంటూ వచ్చి సూప్ ఇచ్చి వెళ్ళేది, ఒక్క రోజు తప్పలేదు. సూప్ బాగుండేదట. అమ్మ చెప్పింది. నేను తాగలేదు.

ఎనభైలు ముగిసేలోగా పారిష్ కరిగిపోయింది. మొదట కొట్టాలు పోయాయి, తర్వాత ఆవులు, తర్వాత మిణుగురులు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఒక హద్దు రాయి తారు కిందికి పోయింది, ఇంకొకటి ఎవరి తోటలోనో అలంకారమైంది. నడిచేవాళ్ళు తగ్గి నడక ఆగింది. సంఘం పట్నంలోని పెద్ద సంఘంలో కలిసింది, ఇటుకల చర్చిలో ఇప్పుడు పెళ్ళి ఫొటోలు తీయించుకుంటారు, గుర్రం పళ్ళ గాట్ల మీద వార్నిష్ పూశారు. మిసెస్ హార్లో ఆ చర్చి పెరట్లో సమాధుల మధ్యే ఉంది, అమ్మమ్మా అక్కడే ఉంది, కాస్త ఎడంగా. బెత్ కాలేజీకని వెళ్ళి అరిజోనాలో స్థిరపడింది. మేం అదే రోడ్డు మీద, అదే ఇంట్లో ఉన్నాం.

ఈ చలికాలం బెత్ ఫోన్ చేసింది. చర్చిని చూసుకునే కమిటీ వాళ్ళు పాత హద్దుల గుర్తులు పెట్టాలనుకుంటున్నారట. సాక్షుల్లో బతికి ఉన్నది తనొక్కతేనట, వాగు రాయి ఎక్కడుండేదో చెప్పమని అడుగుతున్నారట.

"నాకు గుర్తు రావడం లేదు సూ," అంది. "నొప్పి గుర్తుంది. వారం రోజులు సరిగ్గా కూర్చోలేకపోయాను. చోటు మాత్రం గుర్తు లేదు. మ్యాప్ చూశాను, అంతా పార్కింగ్ లాట్. నీకేమన్నా తెలుసా?"

నాకు తెలుసు. ఒక్కసారే చూశాను, అయినా కళ్ళకు గంతలు కట్టినా వెళ్ళగలను. వాన నీళ్ళు పోయే గొట్టం ఎక్కడ మొదలవుతుందో, దాని కింద మట్టి ఎంత తవ్వితే నాచు తగులుతుందో తెలుసు. చెప్పలేదు. హద్దులు ఫోన్‌లో చెప్పేవి కావన్నాను. మీ నాయనమ్మ నేర్పిందే, నడిచి చూపించాలి, వచ్చి నడువు అన్నాను.  వేసవిలో వస్తానంది. వస్తుందో రాదో చూడాలి.

వెల్డన్ గారి కొట్టం ఉన్న చోటే మా ఆఫీసు లేచింది. దాని వెనక వాగు పొంగే నేల గనుక అక్కడ ఏమీ కట్టనివ్వరు. కోసిన గడ్డి అంచున, చెత్త డబ్బా అవతల, నా రాయి అలాగే ఉంది. మధ్యాహ్నాలు మన పిల్లలు దాని పల్లంలో కాఫీ కప్పులు పెట్టుకుంటారు, నేను వెళ్ళి తీయిస్తాను, విసుక్కుంటారు. ఆవులు నాకిన చోట ఇప్పుడు వాన నీళ్ళు నిలుస్తాయి, పిచ్చుకలు వచ్చి మునకలేస్తుంటాయి. బెత్ వస్తే ముందు ఇక్కడికి తీసుకొస్తాను. ఈ రాయి మీద కూర్చోబెడతాను, కాసేపు కూర్చోనిస్తాను. వాగు దాటించడం ఆ తర్వాత.